మామగారి చెరువు, నా హార్డ్‌డిస్క్

కొల్లేరు పక్కనున్న మామగారి చేపల చెరువుకి నేనొక ఘనకార్యం చేశాను. గట్టు మీది షెడ్డులో లైనక్స్ కంప్యూటర్ పెట్టి, నీటిలో ఆక్సిజన్ తగ్గగానే, చక్రాలతో నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా అమర్చాను. ఎవరో ఒకరు కట్టేసి మరిచిపోతున్నారని, చేత్తో వేసే స్విచ్చి కూడా తీయించేశాను. చేపల దొంగల కోసం కెమెరా పెట్టి, రికార్డింగుకి ఇంట్లో మూలపడి ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మబ్బు పొద్దున కరెంటు చాలాసేపు పోయి వచ్చింది. కంప్యూటర్ మాత్రం లేవలేదు. డిస్క్ కోసం చూస్తున్నానంటూ నిమిషన్నర కూర్చుని, ఎమర్జెన్సీ మోడ్ అని ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే.

మామగారు షెడ్డు తలుపు దగ్గరికి వచ్చారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు.

"అల్లుడుగారూ, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయండీ. స్విచ్చి ఎక్కడుందండీ?"

"తీయించేశానండీ," అన్నాను.

ఆయన మూలనున్న తెడ్డు తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

అప్పుడు తట్టింది. స్టార్టయ్యేటప్పుడు ఏయే డిస్కులు తప్పక ఉండాలో చెప్పే ఫైల్లో ఈ డిస్క్‌ని నేనే రాశాను. ఆ పాత డిస్క్ తిరగడం అందుకునేలోపే సిస్టమ్‌కి ఓపిక అయిపోతోంది. సిస్టమ్ దాన్ని పట్టించుకోకుండా ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి, రీస్టార్ట్ కొట్టి, ఆయనకి చెబుదామని బయటికి పరిగెత్తాను.

మామగారు చెరువులో నడుము లోతున నిలబడి, చేపలకి కాస్త గాలి అందుతుందని తెడ్డుతో నీళ్ళు బాదుతున్నారు. పక్కనే ఏరేటరు, దాని కరెంటు తీగ. కంప్యూటర్ లేచి నీటిని ఒకసారి కొలిస్తే చాలు, అది తిరుగుతుంది. ఆపడానికి స్విచ్చి లేదు. వెనక్కి వెళ్ళి ప్లగ్గు పీకాలన్న ఆలోచన కూడా రానంత భయం వేసింది నాకు.

అంతవరకు లేవమని బతిమాలిన కంప్యూటర్ని ఇంకొక్క నిమిషం లేవొద్దని మొక్కుకుంటూ, బయటికి వచ్చేయమని అరిచాను. తెడ్డు చప్పుడులో ఆయనకి వినపడలేదు. నేనే నీళ్ళలోకి దిగి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. గట్టెక్కీ ఎక్కగానే మా వెనక చక్రాలు తిరిగాయి.

ఆయన గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆయాసపడ్డారు.

"చేపలు దక్కాయి కదండీ. ఎందుకండీ ఏడుస్తున్నారు?" అన్నారు.

ఆ రోజు స్విచ్చి మళ్ళీ పెట్టించాకే అన్నం తిన్నాను.