పెర్సిస్ చెప్పిన సాక్ష్యం

పెర్సిస్ మెదక్‌లో, చర్చి వెనక వీధిలో తల్లి జ్ఞానమ్మ దగ్గరే ఉండి, హైదరాబాదులో అద్దాల మేడ ఉన్న ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. మనమంతా ఒకే కుటుంబం అని ఆ కంపెనీ రోజూ చెప్పుకుంటుంది. ఎంత కుటుంబమంటే, అన్నం తినేటప్పుడు కూడా పిల్ల ల్యాప్‌టాప్ కెమెరా ఆపకూడదు. జ్వరమొస్తే హాయిగా పడుకోమని పువ్వు బొమ్మ పంపి, దాని కిందే పని పంపుతారు. సొంత మేనత్తలు కూడా ఇంత ప్రేమ చూపించరు పాపం!

జ్ఞానమ్మ కళ్లలో శుక్లాలు. ఆపరేషన్‌కు హైదరాబాదు ఆసుపత్రిలో ఇచ్చిన తేదీ ఒకటి, పెర్సిస్‌కు సెలవు దొరక్క ఇదివరకే పోయింది. మళ్లీ వచ్చే సోమవారానికి ఇచ్చారు. సెలవు అడిగితే మేనేజర్ అమరేందర్ చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే కుదరదని ఆ కంపెనీలో చేరిన వారానికే అందరికీ తెలిసిపోతుంది. ఆ సాయంత్రం జ్ఞానమ్మ చక్కెర అనుకుని ఉప్పు వేసిన చాయ్ ఇచ్చింది. పెర్సిస్ దాన్ని అలాగే తాగేసింది.

ఆ కంపెనీలో శుక్రవారం శుక్రవారం వీడియో కాల్‌లో కృతజ్ఞతా సభ. ఒకరు లేచి కంపెనీ తనకు చేసిన మేలు చెప్పాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఈసారి పెద్ద బాస్ కూడా వింటాడట. అమరేందర్ పెర్సిస్‌కు ఫోన్ చేశాడు.

"నువ్వు మస్తు మాట్లాడ్తవు గదా, చర్చిల అలవాటైంది. గిది మంచిగ చెప్పు, నీ సెలవు సంగతి నేను చూస్కుంట."

పాపం ఆయనకేం తెలుసు! ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికల్లో పెర్సిస్ చిన్నప్పటి నుంచీ దేవుడు చేసిన మేలును చెప్పుకునే సాక్ష్యాలు వింటూ, చెబుతూ పెరిగింది. ముందు బాధంతా దాచకుండా చెప్పాలి, తర్వాత దాన్నుంచి ఎలా గట్టెక్కారో చెప్పాలి. మేలు చెప్పడమంటే ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. శుక్రవారం సభలో అలాగే మొదలుపెట్టింది. అన్నం ముందు కెమెరా, జ్వరం, పోయిన తేదీ, ఉప్పు చాయ్, అన్నీ వచ్చాయి. పెద్ద బాస్ ముఖం తెరకు దగ్గరగా జరిగింది. ఇక గట్టెక్కిన భాగం చెప్పాలి. పెర్సిస్ ఎంత వెతికినా దొరకలేదు.

"బాధ దాకనే వచ్చిన సార్," అంది. "విడుదల ఇంకా రాలే."

చప్పట్లు లేవు. కాసేపటికి అమరేందర్ ఫోన్ చేశాడు. తిట్టలేదు, మాటల్లో తేనె కారుతోంది. సెలవు ఇస్తాడట. అయితే వచ్చే శుక్రవారం మిగతా భాగం చెప్పాలట, కంపెనీయే దగ్గరుండి అమ్మకు చూపు తెప్పించిందని. సిగ్గు లేకపోతే సరి! ఆమెకు హక్కుగా రావలసిన సెలవే ఇస్తూ, దానికొక అబద్ధం కూడా అడిగాడు.

పెర్సిస్ తల్లి వైపు చూసింది. జ్ఞానమ్మ అప్పటికే సంచిలో బట్టలు పెడుతోంది, చీర రంగు తెలియక కళ్ల దాకా ఎత్తి చూసుకుంటోంది.

"సాక్ష్యంల అబద్ధం చెప్పుడు నాతోని కాదు సార్. మీరు సెలవిచ్చినా ఇయ్యకున్నా, సోమవారం నేను పనికి రాను."

సోమవారం పొద్దున తల్లీకూతుళ్లు బస్సెక్కారు. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది, సెలవు వచ్చిందో లేదో పెర్సిస్ చూసుకోలేదు. తూప్రాన్‌లో దుకాణాల బోర్డులు చదవబోయి జ్ఞానమ్మ కళ్లు నలుపుకుంది.

"ఒక్కటన్న కనవడ్తలేదు బిడ్డా."

"వచ్చేటప్పుడు సదువుదువు తియ్యమ్మా," అని పెర్సిస్ మోగుతున్న ఫోన్ ఆపేసింది.