బాపు కండ్లకు అంతా మంచి మాలే

పెర్కిట్ రోడ్డు మీద పసుపు బస్తాల లారీ పక్కనుంచి పోతే చాలు, ఆ ఘాటుకు నా ముఖం వేడెక్కుతుంది. ఎప్పటిదో అరవైల నాటి సిగ్గు, ఇంకా చల్లారలేదంటే నవ్వుతారేమో. నవ్వండి.

మాఘం దాటిందంటే మా ఆర్మూర్ అంతా పసుపు ఉడికే ఆవిర్లు, ఆరబోసిన కొమ్ముల మీద పిల్లల పరుగులు, ఎవరింటికి పోయినా పచ్చబారిన చేతులతో పెట్టే జొన్నరొట్టె, పచ్చిపులుసు, హోళీకి వేరే రంగు కొనక్కరలేని వీధులు. మా బాపు రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో మాల్ నాణ్యం చూసేవాడు. రైతు తెచ్చిన కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి ఆయన ఏమంటే అదే ఖాయం. ఆయన వేలు పట్టుకుని బజార్లో నడిచేటప్పుడు నా నీలుగుడు చూడాలి!

ఏమైందో ఏమో, ఒక ఏడు బాపుకు ఏ కొమ్ము విరిచినా బంగారమే. "గీపారి పంట మస్తుగొచ్చిందే" అని మురిసిపోయేవాడు. అమ్మ కొత్తగా సున్నం వేసిన గోడ చూసి, "గిందుల పసుపు కలిపినవా?" అని అడిగాడు. పసుపు దుమ్ము పడి చూపు మసకబారిందనుకుంది అమ్మ. మా ఊళ్లో ఎవరికి ఏ కండ్లజబ్బు వచ్చినా నింద ఆ దుమ్ము మీదే. పసుపు నీళ్లలో తడిపిన గుడ్డతో రోజూ ఆయన కండ్లు తుడిచేది.

నేను సద్ది తీసుకుపోయిన రోజే ఆ పాడు సంగతి జరిగింది. భీమ్‌గల్ రైతు కుప్పలో కొమ్ము విరిచి బాపు, "సోనా లెక్కున్నది" అన్నాడు. అది పాలిపోయి తెల్లగా ఉందని నాకే తెలుస్తోంది. దుకాణమంతా గొల్లుమంది. అమ్ముకోవడానికి వచ్చిన ఆ రైతు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. దుకాణం యజమాని సేటు మాత్రం నవ్వలేదు.

"డాక్టర్‌కు జూపెట్టుకో. కండ్లు మంచిగున్నయంటెనే మల్ల మాల్ ముట్టు" అన్నాడు.

ఇంకేం, బాపుకు అది పాసవ్వాల్సిన పరీక్ష అయిపోయింది. ఉతికిన ధోతి కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాడు. దారిలోనే నాకు చెప్పిపెట్టాడు: "డాక్టరు ఎన్ని వేళ్లు జూపెడ్తే గన్నిపార్లు నా చెయ్యి నొక్కు బిడ్డా."

డాక్టరు దూరంగా నిలబడి వేళ్లు చూపించాడు. కండువా కింద నేను నొక్కాను, బాపు చెప్పాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ చెప్పాడు. అప్పుడు డాక్టరు ఒక్క వేలూ చూపకుండా పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఎన్నిసార్లు నొక్కాలో తెలియక నేను ఆగిపోయాను. బాపు చూసి, చూసి, "రెండు" అన్నాడు. భూమి చీలితే అందులోకి పోదును.

"గిది పాసయ్యే పరీక్ష గాదు పెద్దమనిషీ. కనబడకుంటే కనబడ్తలేదని జెప్పాలె, గప్పుడే నేను ఇలాజు జెయ్యగలుగుత" అని డాక్టరు కండ్లలో బ్యాటరీ లైటు వేసి చూశాడు. "మోతిబిందు, గదే శుక్లం. కంట్లో ఉండే అద్దం ముదిరి పచ్చబడ్డది, గందుకే నీకు లోకమంతా పచ్చగున్నది. గుడ్డతోని తుడిస్తే పోయేది గాదు."

"ఏడాదాయె సార్, మంచిగ కనబడ్తలేదు" అన్నాడు బాపు, తల వంచుకుని.

ఆపరేషన్ అయింది. కట్లు విప్పి, దళసరి అద్దాలు పెట్టిన రోజు తన ధోతి చూసుకుని, "గింత తెల్లగుంటదా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మర్నాడు దుకాణానికి పోయి ఒక కొమ్ము విరిచాడు, ఇంకోటి విరిచాడు, కుప్ప మీదే కూలబడ్డాడు. "ఎందరి మాల్‌కు తప్పు జెప్పిన్నో" అని ఏడ్చాడు. సేటు ఎన్నిసార్లు కబురు పెట్టినా మళ్లీ మాల్ ముట్టలేదు. చూపు వచ్చింది గానీ, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఆ బజారు దాటేవాడు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, బాపు లేడు, ఇళ్ల మధ్య పసుపు ఉడకబెట్టేవాళ్లూ లేరు. పొద్దున ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు సాయంత్రానికి ఇంట్లో చాయ్ తాగుతున్నారు. మొన్న నేనూ కండ్ల డాక్టరు దగ్గరికి పోయాను. నా ముందు మనిషి అక్షరాలు చదువుతుంటే కింది వరుస మొత్తం బట్టీ పట్టి, నా వంతు రాగానే గడగడా అప్పజెప్పాను. "భేష్ అమ్మా" అన్నాడు డాక్టరు. మెట్లు దిగి, ఆటో ఎక్కబోయి, ఆగి, మళ్లీ పైకెక్కి పోయి ఆయన బల్ల ముందు నిలబడ్డాను, ఆనాడు బాపు చెప్పిన ఆ "కనబడ్తలేదు" అన్న ఒక్క మాట చెప్పడానికి.