థైరాయిడ్ రిపోర్టుతో బేరం

మేడ్చల్‌లో మా బాపు కిరాణా దుకాణం వెనకింట్లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో పిల్లలకు బేరం మాటలతో పాటే వచ్చేది. పెళ్లై శామీర్‌పేటకు వచ్చాక, వారపు అంగడిలో నన్ను దూరం నుంచి చూడగానే కొందరు ధర పెంచి సిద్ధంగా ఉండేవాళ్లు, ఎట్లాగూ తగ్గిస్తానని. దాన్ని నాకిచ్చే మర్యాద అనుకునేదాన్ని.

అట్లాంటిదాన్ని, రెండువేల సంవత్సరం దాటాక ఓ చలికాలం, వంకాయలామె చెప్పిన మొదటి ధరకే సంచి చాపాను. ఆమె భయపడింది.

"ఏందక్కా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న, తూకమెయ్యి" అన్నాను. నా గొంతు గోనెసంచి ఈడ్చినట్టు వచ్చింది.

అప్పటికే కొన్ని నెలలుగా ఒళ్లు బరువు, ఎండలో నిలబడ్డా చలి, ఏం కొనడానికి వచ్చానో మరచిపోవడం. అవన్నీ వయసు మీదికి తోసేశాను. కానీ బేరం కూడా పోతే ఇక నాలో మిగిలేదేముంది? వంకాయల ముచ్చట విన్నాకే మా ఆయన కూడా కదిలాడు. "ఇగ నడువు దవఖానకు. నువ్వు బేరం చెయ్యలేదంటే చిన్న బీమారి గాదు."

మేడ్చల్ డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. నా మెడ తడిమి, "థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందేమోనని అనుమానం. టీఎస్‌హెచ్, ఫ్రీ టీఫోర్, రెండూ చేయించుకు రండి" అంది.

ల్యాబులో ధరల పలక చూడగానే నాకు పోయిన ఓపిక వచ్చింది.

"ఒక్క మెడకు రెండు పరీక్షలేంది? మొదటిది చాలు."

"డాక్టరమ్మ రెండు రాసింది గదమ్మా" అన్నాడు రక్తం తీసే అతను.

"రాసుడు ఆమె పని, తగ్గిచ్చుడు నా పని."

టీఫోర్‌ను అక్కడే కొట్టేయించి, గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

రిపోర్టులో ఉండవలసిన పై హద్దు పక్కనే అచ్చేసి ఉంది. నా టీఎస్‌హెచ్ దానికి మూడింతలు. డాక్టరమ్మ దగ్గరికి కాకుండా నేరుగా బాపు దుకాణానికి పోయాను. బాపు అద్దాలు పెట్టుకుని చదివాడు.

"తక్కువన్నదెవలు బిడ్డా? మస్తున్నది. నీ తాన సరుకు పొంగిపోతాంది."

మా ఇంట్లో అంకె పెద్దదంటే సరుకు ఎక్కువున్నట్టే. అయోడిన్ ఉప్పు వల్లే పొంగిందని తేల్చి, బాపు రాళ్లుప్పు కట్టిచ్చాడు. మందు తప్పిందని నేను సంబరపడ్డాను.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం బాపు భోజనానికి లేస్తూ నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. ఎవరో వచ్చి కందిపప్పు ధర తగ్గించమన్నాడు. తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు. ఇంకా తగ్గించాను. వాదించడానికి నోరు తెరవాలంటేనే బద్ధకం. గడపలో నిలబడి అంతా చూసిన బాపు చెయ్యి కడుక్కోకుండానే షట్టర్ దించాడు.

"లే బిడ్డా. గిది సరుకు ఎక్కువైన ముచ్చట గాదు."

డాక్టరమ్మ రిపోర్టు చూసి తల పట్టుకుంది. "ఇది మీ థైరాయిడ్ హార్మోను కాదండీ. పనిచెయ్యమని మెదడు దగ్గరి గ్రంథి థైరాయిడ్‌కి పంపే కబురు. హార్మోను సరిపడా రాకపోతే కబుర్లు పెంచుతుంది. అసలు వచ్చిందెంతో చెప్పేది టీఫోర్. అదేదీ?"

నేను బాపు వైపు చూశాను. బాపు ఫ్యాను వైపు చూశాడు.

"అంటే మేడం," అన్నాడు, "జీడిమెట్ల నుంచి సబ్బులు రాకుంటే నేను దినాం ఫోన్ జేస్త. మేం ఫోన్లు లెక్కవెట్టి సబ్బులున్నయనుకున్నం."

"సరిగ్గా అదే చేశారు. టీఎస్‌హెచ్ కాస్త పెరిగి టీఫోర్ బాగుంటే, కొన్నాళ్లాగి మళ్లీ చూస్తాం. టీఫోర్ కూడా తగ్గితే మందు మొదలుపెడతాం. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలమ్మా."

మళ్లీ సూది. "ఈసారి ఎంత తగ్గియ్యాలమ్మా?" అన్నాడు ల్యాబతను. పలక మీదున్న ధరే కట్టి చెయ్యి చాపాను. టీఫోర్ హద్దు కంటే కిందే ఉంది.

రోజూ పరగడుపున మాత్ర. ఆ తర్వాత అరగంటైనా ఆగి చాయ్.

"ఎన్నొద్దులు మేడం?"

"మీలాంటివాళ్లలో చాలామందికి జీవితాంతం."

"ఐదేండ్లకు ఒప్పుకోరాదుండ్రి."

"ముందు ఆరు వారాలు వేసుకోండి. అప్పుడు పరీక్ష చేసి మోతాదు సరిచేద్దాం."

జీవితాంతాన్ని ఆరు వారాలకు దించానని బస్సు ఎక్కేదాకా బాపుకు చెబుతూనే ఉన్నాను. ఆరు వారాలకు డాక్టరమ్మ మోతాదు పెంచింది. నా బేరాల్లో అంత ఘోరంగా ఓడింది మరొకటి లేదు.

చలి మెల్లగా వదిలింది. ఓ అంగడి రోజు వంకాయలామె ముందు కూర్చున్నాను. ఆమె ధర చెప్పింది.

"గీ పుచ్చులకా?" అన్నాను. పక్క గంపలవాళ్లు కూడా తల తిప్పారు.

ఆమె తక్కెడ కింద పెట్టింది. "మందేమన్న ఏసుకుంటున్నవా అక్కా?"

"దినాం ఏసుకుంటున్న."

"అంగడి దినమన్న ఆపరాదు?"