ఉతికే బండ

మా నాయిన గుడికి రావడమే అరుదు, బుద్ధుడి గుడికైతే చెప్పనక్కర్లేదు. ఆ ఆదివారం శామీర్‌పేటలో కారెక్కించి, కరీంనగర్ రోడ్డు మీదుగా నేనే బలవంతాన తీసుకెళ్లాను. పాత విగ్రహాలంటే నాకు పిచ్చి. వెళ్లకపోయి ఉంటే బాగుండేది.

అక్కడ రాతి బుద్ధ విగ్రహాలు వరుసగా ఉన్నాయి, సగానికి తలల్లేవు. ఒక్కదానికి మాత్రం ముక్కు కూడా చెదరలేదు. ఊరివాళ్లు దాన్ని బోర్లా పడేసి, నున్నటి వీపు మీద ఏళ్ల తరబడి బట్టలుతికారట. మొహం మట్టిలో ఉండబట్టే మిగిలిందని కాపలా ముసలాయన చెప్పాడు.

నేను నవ్వాను. నాయిన నవ్వలేదు. విగ్రహం వెనక్కి వెళ్లి, ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అప్పుడు నాకూ తట్టింది. మా బోరు దగ్గర అమ్మ బట్టలుతికే బండ, పొలం దున్నుతుంటే బయటపడిందే. దానికీ అదే నునుపు, పైన అదే గుండ్రటి వంపు.

తిరుగుదారిలో నాయినే బండ మాటెత్తాడు. పొలాన్ని ప్లాట్లు చెయ్యడానికి మాటలైపోయాయి, వచ్చే వారమే హద్దురాళ్లు పాతాలి.

"గా ముచ్చట ఇంట్ల తియ్యకు బిడ్డా. సర్కారోళ్లకు ఎర్కైతే మన పొలంల మనల్నే అడుగు పెట్టనియ్యరు."

"పొద్దుగాల ఒక్కసారి మొహం జూసి, మళ్ల బోర్లేద్దాం నాయినా."

సరే అన్నాడు. మా నాయిన అంత తొందరగా సరే అంటే భయపడాలి. నేను భయపడలేదు, అదీ నా తెలివి.

ఆ సాయంత్రం గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి తిరిగింది. చెత్త వాసనకు కిటికీలన్నీ బిగించి పడుకున్నాం. తెరిచి ఉంటే ఆ చప్పుడు వినిపించేదేమో.

తెల్లారి అమ్మ బట్టల బకెట్టుతో నిలబడి, బండ ఏదని అడుగుతోంది. బండ ఉన్న చోట తడి మట్టి, పసుపు, సగం కొబ్బరిచిప్ప. మా వైపు పాత రాయిని కదిపే ముందు మైసమ్మకు మొక్కి, తప్పు కాయమంటారు. నాయిన పద్ధతి తప్పలేదు. బుద్ధుడికి ఎలా మొక్కాలో తెలియక తనకు తెలిసిన తల్లికే మొక్కాడు.

గోడ అవతల కొత్త కంకర కుప్ప కనిపించింది. నాయిన సమ్మెట కడుగుతున్నాడు, నా వైపు చూడలేదు. కుప్పలో చెయ్యి పెడితే అరచేతంత ముక్క వచ్చింది. సగం నుదురు, మూసిన కన్ను ఒకటి.

నుదుటి మీద కుంకుమ బొట్టు ఉంది. నాయిన మొహం చూశాకే కొట్టాడు.