గోడకవతలి వైఫై

మా పాప సాయంత్రం బడి నుంచి వచ్చి, బ్యాగు మంచం మీద విసిరేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకు అవతలికి పోయేది. అవతల అంటే దూరమేమీ కాదు. ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు. ఇటు నేను, మా ఆయన, పాప, మా అత్త. అటు మా మరిది, వాళ్ళావిడ. వాళ్ళావిడ అంటే నాకు తోడికోడలు. నన్ను అక్కా అంటుంది. ఆ మాట ఎంత తియ్యగా అంటుందంటే, ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు సందే దొరకదు. అదొక కోపం.

ఆమె పావగడ వైపు పిల్ల. డిగ్రీ చదివింది. తెలుగూ కన్నడమూ రెండూ గడగడా మాట్లాడుతుంది. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎవరెవరో ఫోన్లు చేసి తిడుతుంటే నవ్వుతూ జవాబు చెప్పడమే ఆ పని. దానికోసం పెళ్ళై వచ్చిన కొత్తలోనే కంబదూరు నుంచి తీగ లాగించి వైఫై పెట్టించుకుంది. మా వీధిలో అదే మొదటిది. నేను పది పాసయ్యి ఆపేశాను, జాకెట్లు కుడతాను. బాగానే కుడతాను, కళ్యాణదుర్గం నుంచి కూడా బట్టలు తెచ్చి ఇస్తారు. కానీ టకటకమనే కుట్టుమిషను పక్కన ఏ పిల్ల కూర్చుంటుంది?

పాప మెల్లమెల్లగా అటు తిరిగిపోయింది. మొదట బొమ్మల వీడియోలకని పోయింది, తర్వాత హోంవర్కుకని, ఆ తర్వాత అన్నం కూడా అక్కడే. ఒకరోజు నేను అన్నం తింటుంటే పక్కకొచ్చి "ఊట ఆయ్తా అమ్మా" అని, అన్నం తినడం అయిందా అని కన్నడంలో అడిగింది. మా అత్త మురిసిపోయింది. నేను మాత్రం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. నా బిడ్డకు నేను నేర్పని మాట నా ఇంట్లోనే ఇంకొకరు నేర్పారు. ఇంకోరోజు జడ మారి వచ్చింది. పొద్దున నేను రిబ్బన్లు కట్టి రెండు జడలు వేసి పంపితే, సాయంత్రానికి నాలుగు పాయల జడ ఒకటి వీపు మీద ఊగుతోంది. ఎంత బాగుందో. బాగుండడమే నా బాధ. పేలు చూస్తానని సాకు చెప్పి కూర్చోబెట్టుకుని మొత్తం విప్పేశాను.

అందుకే కంప్యూటరు కొన్నాను. జాకెట్ల డిజైన్లు చూసుకోవడానికని అందరికీ చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ నా మనసులో ఉన్నది వేరు. మా ఇంట్లోనే కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉంటే పాప సాయంత్రాలు మళ్ళీ నావి అవుతాయి. అంతే.

ఇంటర్నెట్టు వేరేగా ఎందుకు, నా పాస్‌వర్డ్ చెప్తానని తోడికోడలు గోడ పక్కన నిలబడి అంది. వద్దన్నాను. ఆమె పాస్‌వర్డ్ వాడితే మా ఇంట్లో కూర్చుని కూడా పాప "చిన్నమ్మ ఇంటర్నెట్టు" అనే అంటుంది కదా. వేరే తీగే లాగించుకున్నాను. కేబుల్ ఆయన వచ్చి వైఫై పెట్టె గోడకు బిగించి, నా ఫోనులో వీడియో ఆడించి చూపించి వెళ్ళాడు. ఆ తర్వాతే కళ్యాణదుర్గం నుంచి కంప్యూటరు వచ్చింది. దానికి గాల్లో వైఫై అందుకునే గుణం లేదనీ, పెట్టె నుంచి వైరు తెచ్చి వెనక గుచ్చాలనీ అంగడి ఆయన ఫోనులో చెప్పాడు. వెనక చదరంగా ఒక కన్నం ఉంటుంది, అందులోంచే ఇంటర్నెట్టు లోపలికి వస్తుందన్నాడు.

అట్టపెట్టె విప్పుతుంటే తోడికోడలు చూడ్డానికి వచ్చింది. ఇటు తిరిగి అటు తిరిగి చూసి, "స్క్రీను నాదానికంటే పెద్దదక్కా, శానా బాగుండాది" అంది. ఇంకెవరైనా అంటే సంతోషపడేదాన్నేమో. ఆమె అనేసరికి నాకు గుండెల్లో ఎక్కడో సూది దిగినట్టయింది. ఆమె అటు పోగానే పసుపు తడిపాను.

మా వైపు కొత్త బోరులో మోటరు దించేముందు పైపు నోటికి పసుపు పూసి కుంకుమ పెడతారు. స్టార్టరుకు పెట్టినా పెట్టకపోయినా నోటికి మాత్రం పెట్టి తీరాలి. నీళ్ళు వచ్చేది అక్కడినుంచే, కాబట్టి కన్ను తగిలేదీ అక్కడే. మా నాయన వేయించిన బోర్లు ఎండిపోవడం చూస్తూ పెరిగినదాన్ని, బొట్టు విషయంలో నేను పిసినారితనం చేయను. కంప్యూటరుకు ముందువైపు మూడు బొట్లు పెట్టాను. తర్వాత వెనక్కి తిప్పి, ఇంటర్నెట్టు వచ్చే నోరు వెతికి, దానికి బాగా దట్టంగా పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాను. పాప పళ్ళెం పట్టుకుని నిలబడింది. టెంకాయ కొట్టి, వైరు గుచ్చి, మీట నొక్కాను.

కంప్యూటరు వెలిగింది. ఇంటర్నెట్టు రాలేదు.

తెర మీద చిన్న రాక్షసబల్లి బొమ్మ ఒకటి వచ్చి నిలబడింది. కీ నొక్కితే అది ముళ్ళచెట్ల మీదుగా దూకుతుందని పాపే కనిపెట్టింది. కాసేపు దూకించింది. నేను పక్కన కూర్చుని, ఇదైనా చాలు, ఇక్కడే ఉంది కదా అనుకున్నాను. బల్లి ఎన్నిసార్లు దూకినా అవే ముళ్ళచెట్లు. పాప ఆవులించింది.

"అమ్మా, మన కంప్యూటర్లో ఇదొక్క బొమ్మేనా ఉండేది?" అని అడిగి, చెప్పులేసుకుని అటు పోయింది.

మరుసటి రోజు కేబుల్ ఆయనకు ఫోను చేశాను. మా లైను బాగానే ఉంది, నీ ఫోనులో వస్తోందా లేదా అన్నాడు. వస్తోందన్నాను. అయితే తప్పు కంప్యూటరుది, అంగడి వాళ్ళని అడగమన్నాడు. అంగడి ఆయనకు చేస్తే, మా మిషను కొత్తది, తప్పు లైనుది, కేబుల్ వాళ్ళని అడగమన్నాడు. ఇద్దరి మధ్యా నేను బంతినయ్యాను. కేబుల్ ఆఫీసు నంబరుకు చేస్తే రికార్డు గొంతేదో ఒకటి నొక్కు, రెండు నొక్కు అని తిప్పితిప్పి చివరికి పెట్టె ఆపి మళ్ళీ వేయమంది. ఆపాను, వేశాను. పెట్టె మీద పచ్చలైట్లు వరసగా మినుకుమంటున్నాయి. బల్లి మాత్రం కదల్లేదు.

మా ఆయనకు మోటర్లు తప్ప వేరే యంత్రం తెలియదు. చేను నుంచి వచ్చి, కాళ్ళ మన్ను దులుపుకుంటూ కంప్యూటరు చుట్టూ తిరిగి చూశాడు. "ఫేజు పోయింటాది" అన్నాడు. లైటు వెలుగుతోంది కదా అన్నాను. "అట్లయితే గాలి పట్టింటాది" అన్నాడు. పైపులో గాలి పడితే మోటరు తిరుగుతున్నా నీళ్ళు రావు, ఇదీ అంతేనట. తీగలో గాలి ఎక్కడినుంచి పడుతుందయ్యా అన్నాను. ఏమోలే అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

నా అనుమానం వేరే. ఆమె కన్నే తగిలింది. పెద్దదక్కా, బాగుండాది అన్న ఆ గొంతు నా చెవుల్లోంచి పోలేదు. అంత బొట్టు పెట్టినా తగిలిందంటే ఆ కన్ను ఎంతటిదో అనుకున్నాను. సాయంత్రం పూట కుట్టుమిషను ఆపి గోడకు చెవి పెట్టేదాన్ని. అవతల పాప నవ్వు, ఆమె నవ్వు. ఏం జోకో ఏమో. వినబడేది నవ్వు మాత్రమే, మాటలు వినబడవు. మాటలు లేని నవ్వు మహా చెడ్డది. అది మన గురించే అనిపిస్తుంది.

మా అత్త ఊరుకునే మనిషి కాదు. వేరుశనక్కాయలు ఒలుస్తూ నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"చిన్నదాన్ని పిలుచుమే. దానికి తెలుసు కదా ఈ యవ్వారం. అడిగితే నీ నెత్తిమీద కిరీటం ఏమన్నా కింద పడతాదా?"

"నాకు తెలీదా అత్తా? నేనే చేసుకుంటా."

"చేసుకో. నువ్వు చేసుకునేలోపల పాప కాలేజీకి పోతాది."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. కానీ నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే నిజమే కదా. నేను పట్టుదల పడుతున్న ప్రతి సాయంత్రమూ పాప గోడకు అవతలే గడుపుతోంది. నేను దేనికోసం కంప్యూటరు కొన్నానో అదే నా చేతుల్లోంచి పోతోంది.

పిలిచాను. నేను పోలేదు, పాపను పంపాను. ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని, తన వైరు ఒకటి చేతికి చుట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే చాప మీద బాసిపెట్లు వేసుకుని కూర్చుంది. పాప ఆమె భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. నా బిడ్డ, నా చాప, నా కంప్యూటరు. నేనేమో గుమ్మం దగ్గర నిలబడ్డాను, చుట్టం చూపుకు వచ్చినదానిలా.

ఆమె తన వైరు ఒక కొసను మా పెట్టెకు గుచ్చి, రెండో కొసను తన లాప్‌టాప్‌కు గుచ్చింది. వెంటనే ఇంటర్నెట్టు వచ్చింది.

"నీ లైన్ బాగుండాదక్కా. నాదానికంటే స్పీడుగా ఉండాది," అంది. "తప్పు వైరుదన్నా అయ్యుండల్ల, లేదంటే కంప్యూటర్ లోపల యాడన్నా అడ్డం పడుండల్ల. నాకు లాగిన్ టైమైంది, పోతా. నా వైరు ఈడే పెట్టిపోతాండా, నీ పాత వైరు పెరికి ఇది గుచ్చి చూడు. వెనక చిన్న లైటు వెలిగితే వచ్చినట్లే."

వైరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పాప గుమ్మం దాకా ఆమె వెనకే పోయి ఆగింది. ఎందుకాగిందో తెలియదు. నా మొహం చూసిందేమో.

కంప్యూటరును పక్కకు తిప్పి పాత వైరు పీకాను. దాని కొస గాజులా తెల్లగా ఉండాల్సింది, పసుపు పచ్చగా ఉంది. ఎండిన పసుపు చిన్న పెళ్ళగా ఊడి నా ఒళ్ళో పడింది. ఫోను లైటు వేసి కన్నంలోకి చూశాను. లోపల వరసగా ఉండాల్సిన ఇత్తడి తీగలు కనబడడం లేదు. వైరుతో పాటు లోపలికి పోయిన పసుపు గట్టిపడి, దాని మీద నా కుంకుమ బొట్టు ఎర్రగా, చక్కగా కూర్చుని ఉంది.

పాప నా పక్కకు వచ్చి వంగి చూసింది.

"అమ్మా, నువ్వు ఆ పొద్దు పెట్టిన బొట్టు," అని గుసగుసగా అంది.

గుసగుసగా అనాలని దానికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. గోడకు అవతల హెడ్‌ఫోను పెట్టుకున్న మనిషికి అరిచి చెప్పినా వినబడదు. అయినా అది గుసగుసలాడింది. నేను వేలు పెదవుల మీద పెట్టుకుని దాని చేతికి ఫోను ఇచ్చాను. అది లైటు పట్టుకుంది. కరెంటు ప్లగ్గు పీకి, కుట్టుమిషనులో నూలు దుమ్ము తీసే చిన్న బ్రష్షు తెచ్చి, పొడిగానే మెల్లగా గీకాను. పసుపు పొడిపొడిగా రాలింది. పాప నోటితో ఊదబోతే ఆపి, విసనకర్రతో విసరమన్నాను. తడి తగిలితే మళ్ళీ మొదటికొస్తుందని భయం. ఇత్తడి తీగలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పాప వాటిని లోలోపల లెక్కపెడుతూ పెదవులు కదిపింది. తల నా తలకు ఆనుకుని ఉంది. కొబ్బరినూనె వాసన. నేను పెట్టిన నూనే.

ప్లగ్గు పెట్టి, తోడికోడలి వైరు గుచ్చి, మీట వేశాను. కన్నం పక్కన చిన్న లైటు మినుకుమంది. తెర మీద బల్లి మాయమైంది.

ఉన్న కుర్చీ ఒకటే కాబట్టి పాప నా ఒళ్ళో కూర్చుంది. టీ విరామంలో తోడికోడలు హెడ్‌ఫోను మెడకు వేసుకుని తొంగి చూసింది.

"వచ్చె కదక్కా. ఏమాయ, యాడుండె తప్పు?"

నేను నోరు తెరిచాను. ఈలోపే పాప తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది.

"ఏం ల్యా చిన్నమ్మా. దుమ్ము. మాయమ్మ మిషన్ బ్రష్షుతో తీసేసె."

బల్ల కింద దాని పాదం నా పాదాన్ని నొక్కింది. తోడికోడలు కన్నడంలో ఏదో అంది. పాప తెలుగులో జవాబు చెప్పింది. అప్పుడు ఆమె చూపు నా వేళ్ళ మీద పడింది. కొసలు పచ్చగా ఉన్నాయి. చూసింది, ఏమీ అడగలేదు, టీ చల్లారిపోతుందని వెళ్ళిపోయింది. అడగకపోవడం కూడా ఆమెకు ఎంత బాగా వచ్చో. దానికీ నాకు కుళ్ళే.

పాప అటు పోవడం పూర్తిగా మానేసిందని చెప్పను. పోతుంది. కానీ మరుసటి రోజు పొద్దున తల దువ్వడానికి కూర్చోబెట్టుకుంటే, నాలుగు పాయల జడ కావాలంది. నాకు రాదు. ఎన్ని పాయలు తీసినా చివరికి మూడే అవుతున్నాయి.

"చిన్నమ్మని అడిగొచ్చేదా?" అంది.

వద్దన్నాను. కంప్యూటరు వేసి, జడ వేసే వీడియో వెతికాను. వీడియోలో జడ వేసే ఆవిడ చేతులు మరీ తొందర. నా రెండు చేతుల్లోనూ పాయలున్నాయి కాబట్టి వీడియో ఆపే పని పాపది. నేను ఊఁ అన్నప్పుడు ఆపుతుంది, ఊఁ అన్నప్పుడు వదులుతుంది. జడ సగానికి వచ్చింది. కొంచెం వంకరగా ఉంది. బయట బడి ఆటో హారను కొట్టింది, మళ్ళీ కొట్టింది. పాప లేవలేదు. తల కదపకుండా, వేలు మీట మీదే ఉంచి, నేను ఊఁ అనడం కోసం చూస్తూ కూర్చుంది.