చివరి పేజీలు లేని నవల

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఆదివారమంటే ఆబిడ్స్ ఫుట్‌పాతే. మూసిన షాపుల ముందు పరిచే పాత పుస్తకాల కోసం నాంపల్లిలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లేవారు, వెంట నన్నూ తీసుకెళ్లేవారు. గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. జ్యోతిషం, కోళ్ల పెంపకం, నవలలు, ఏది నచ్చితే అది కొనేవారు. చదివింది ఇంకొకరితో మాట్లాడితే గాని ఆయనకు చదివినట్టే ఉండేది కాదు. బాగుంది అని ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు, ఏం బాగుందో చెప్పమనేవారు.

దొరికిందల్లా చదివే అలవాటు నాకూ అంటుకుంది. ఈ మధ్య నాలుగు పుస్తకాలు పట్టాను. ఒకటి అపరాధ పరిశోధన నవల. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయింది, అయినా నా తెలివికి నేనే మురిసిపోతూ చివరిదాకా చదివాను. రెండోది ఊరగాయల పుస్తకం. డాక్టరు ఉప్పు మానేయమన్నాక పచ్చళ్లు కళ్లతోనే తినాలి కదా. మూడోది ఒక కొత్త రచయిత్రి కథలు. అందులో ఒక కథ రెండుసార్లు చదివినా అర్థం కాలేదు, లోపం నాదో ఆవిడదో ఇంకా తేలలేదు. నాలుగోది ఎవరో ఓడల మీద తిరిగిన కబుర్లు. దాన్ని తొంభయ్యో పేజీ దగ్గర ఆపేశాను. ఎవరడిగినా ఆపేశాననే చెప్తాను. అలా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు.

నాకు పదేళ్లప్పుడు తాతయ్య కళ్లకు శుక్లాలు వచ్చాయి. దవాఖానకు వెళ్దామంటే రేపూ మాపూ అంటూ జరిపేవారు. భూతద్దం పెట్టుకొని అతికష్టం మీద చదివిన ఒక నవలే ఆయన చదివిన ఆఖరి పుస్తకం. వేసవి సెలవుల్లో దాన్ని నాకిచ్చి, చదివి చెప్పమన్నారు. పెళ్లి ఇష్టం లేక ఇల్లు విడిచి వెళ్లిన అమ్మాయి కథ అది. నేను పది పేజీలు చదివి దిండు కింద పెట్టాను. వాకిట్లో అష్టాచెమ్మా నడుస్తుంటే నవల ఎవరికి కావాలి? ఎందాక వచ్చినవ్ బిడ్డా అని ఆయన రోజూ అడుగుతుంటే విసుగొచ్చి, ఒకరోజు అయిపోయిందన్నాను.

ఆయన మంచం మీద సర్దుకొని కూర్చున్నారు.

"ఎట్లుంది?"

"మంచిగుంది తాతా."

"ఆఖరికి గా పిల్ల ఇంటికొచ్చిందా మరి?"

"ఔ, వచ్చింది. అందరు కలిసిపోయిన్రు."

ఆయన పుస్తకం తెమ్మని, నా చెయ్యి పట్టుకొని వెనక అట్ట లోపల పెట్టారు. కాగితాలు ఊడిపోయిన చోట కుట్టు దారాలు వేళ్లకు తగిలాయి.

"ఆఖరు పేజీలు లేవు బిడ్డా. అమ్మేటాయన నాకు ముందే చెప్పిండు. గా పిల్ల ఏం జేసుంటదా అని రెండు నెలల సంది సోంచాయిస్తున్న. నువ్వు గూడ చదివితే ఇద్దరం కూసొని అనుకుందమనుకున్న."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే మొదలుపెట్టి నాలుగు రోజుల్లో నవలంతా చదివాను. పేజీలు తెగిపోయిన చోటికి వచ్చేసరికి ఆ అమ్మాయి చేతిలో టికెట్‌తో స్టేషన్‌లో నిలబడి ఉంది. ఆ తర్వాత ఏమైందోనని నాకూ ప్రాణం కొట్టుకుంది. తాతయ్యతో చెప్దామని ఆయన గది గుమ్మం దాకా వెళ్లాను. ఇప్పుడు నిజంగా చదివానంటే నమ్ముతారా అనిపించి వెనక్కి వచ్చేశాను. రోజులు గడిచేకొద్దీ ఆ మాట ఎత్తడం ఇంకా కష్టమైంది. ఆయన మళ్లీ ఏ పుస్తకం గురించీ నన్ను అడగలేదు.

ఆ తర్వాత మూడేళ్లున్నారు. ఆ మూడేళ్లలో ఒక్క సాయంత్రమైనా ఆయన పక్కన కూర్చొని ఉండాల్సింది. అబద్ధం ఆడినందుకు కాదు, అది పిల్లలందరూ ఆడేదే. నా సిగ్గు చూసుకొని, చూపు లేని మనిషిని ఆ కథతో ఒంటరిగా వదిలేసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

మోకాళ్లు సరేనన్న ఆదివారాల్లో ఇప్పటికీ ఆబిడ్స్ వెళ్తాను. పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు చివరి పేజీ ఉందో లేదో చూస్తాను. ఆ నవల మళ్లీ ఎక్కడా కనిపించలేదు. కనిపించకపోయినా నా మటుకు ఒక ముగింపు ఎప్పుడో తేల్చుకున్నాను. గా పిల్ల ఇంటికి రాలేదు తాతా, రైలెక్కింది. నేనైతే గట్లనే అనుకుంటున్న. నువ్వేమనుకున్నవో నేను అడగనే లేదు.