మన కంపెనీ మాస్టారు

మా ఎదురింటి మాస్టారు పోయారు. ఆ కబురు ఫోనులో రాలేదు. పొద్దున్నే వాకిట్లో కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీస్తుంటే, వీధికి అవతల ఆయన భార్య గేటు పట్టుకుని నిలబడి, "బ్రదర్‌గారూ, మీ మాస్టారు లేవటం లేదండీ" అన్నారు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను. మాస్టారు పక్కకి తిరిగి, ఒక చెవి పైకి పెట్టి, దేన్నో వింటున్న మనిషిలా పడుకుని ఉన్నారు. డాక్టరు వచ్చి నిద్రలోనే గుండె ఆగిందన్నాడు.

బైబిలు వాక్యం చేత పట్టుకుని శవాల ముందు నిలబడటం నాకు కొత్త కాదు. ఏ చావుకి ఏ వచనం చెప్పాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మాస్టారు మా సంఘం మనిషి కాదు. ఆ ఇంట్లో జరగవలసినవి జరిపించటానికి పంతులుగారున్నారు. నేను నోరు విప్పే చోటు అక్కడ లేదు కాబట్టి ఇక్కడ, మీ ముందు విప్పుతున్నాను.

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయి బెజవాడ భవానీపురంలో ఇల్లు కట్టుకున్నారాయన. లెక్కల మాస్టారని మా వీధిలో ఎవరూ అనేవాళ్ళు కాదు, బండి మాస్టారనేవాళ్ళు. ఆయన జీవితమంతా ఒకే కంపెనీ కారు నడిపారు. ఆ కంపెనీ పేరు నేను రాయను, ఎందుకంటే ఆయన నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "మన కంపెనీ" అనేవారు, మన ఊరు, మన కాలవ అన్నట్టు. ఆ కంపెనీవాళ్ళకి ఈయనెవరో తెలియదు. అయినా బందరు రోడ్డు మీద వాళ్ళ బండి ఎదురైతే చాలు, మాస్టారి బొటనవేలు హారన్ మీద మెల్లగా ఒకసారి పడేది. అవతలివాడు ఎవడో తెలియక బిత్తరపోయి చూసేవాడు.

పొద్దున్నే పాత పంచె ముక్కతో బండి తుడిచి, తాళం తిప్పి, బానెట్ దగ్గర చెవి వంచి నిలబడేవారు. "ఏం చెబుతోందండీ?" అని ఆయన భార్య, వీధిలో అందరికీ అమ్మగారు, వంటింట్లోంచి దెప్పేవారు. "నీకన్నా తక్కువే చెబుతోంది" అనేవారాయన. ఆ బండి ఇరవై ఏళ్ళు పైబడినది. తెల్లరంగు మీగడరంగుకి తిరిగింది. ఆగటం మాత్రం నేను చూడలేదు.

మా పరిచయం వానలో మొదలైంది. శుక్రవారాలు పామర్రులో ప్రార్థన కూడిక పెడతాను. ఒకసారి బస్సు కోసం తడుస్తూ నిలబడితే ఆయన బండి ఆపారు. చల్లపల్లి దగ్గర ఆయనకి కాస్త పొలం ఉంది, ఎలాగూ అటే వెళ్ళాలన్నారు. తర్వాత తర్వాత పొలంలో పని ఉన్నా లేకపోయినా శుక్రవారం వెళ్ళటం ఆయనకి అలవాటైంది. డాష్‌బోర్డు మీద బొటనవేలంత ఆంజనేయస్వామి ఉండేవాడు. మొదటిరోజు నా చూపు ఎక్కడ ఆగిందో కనిపెట్టి, "ఆయన మాట్లాడరండీ, మీరే మాట్లాడండి" అన్నారు.

మాట్లాడాను. నేను మాట్లాడటం మొదలుపెడితే ఎలా ఉంటుందో నన్ను విన్నవాళ్ళకి తెలుసు. కొందరు రథాల్ని నమ్ముకుంటారు, కొందరు గుర్రాల్ని నమ్ముకుంటారు, ఆ నమ్మకం కూలిపోతుంది మాస్టారూ అని కీర్తన ఎత్తి గర్జించాను. ఆయన గేరు మార్చి, "ఆ రథంలో కూర్చునే చెబుతున్నారు బ్రదర్‌గారూ. దిగి చెబుతానంటే కంకిపాడులో ఆపుతా" అన్నారు. నేను దిగలేదు.

మా వీధిలో కొత్త బండి వస్తే హిందువులు కొండమీద అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మావాళ్ళయితే నన్ను పిలిచి బానెట్ మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించుకుంటారు. ఆ రెండు రకాలవాళ్ళూ అంతకుముందే మాస్టారి గుమ్మం ఎక్కేవాళ్ళు. ఏ బండి కొనమంటారని అడిగేవాళ్ళు. ఆయన చెప్పేది ఒకటే, మన కంపెనీది. అక్కడితో ఊరుకునేవారు కాదు. ఆయన మాట మీద కొన్నవాళ్ళ బండి ఎక్కడ ఆగినా, ఉయ్యూరు అవతలైనా సరే, ఫోను రాగానే డిక్కీలో లావుపాటి తాడు వేసుకుని బయల్దేరేవారు. "మెకానిక్ ఉన్నాడు కదండీ" అంటే, "వాడికి బండి తెలుసు. మాటిచ్చింది నేను. మాటిచ్చినోడే తాడు తెచ్చుకోవాల" అనేవారు. పరాయివాడికి పూచీ ఉండొద్దని సామెతల గ్రంథం ఎంత గట్టిగా చెబుతుందో నేను వినిపించేవాణ్ణి. వినేవారు. తాడు మాత్రం డిక్కీలోంచి తీసేవారు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా పామర్రు కూడికకి ఒక సిస్టరు వస్తుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆమె భర్త కౌలు రైతు. ఆయనకి కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. రోజు విడిచి రోజు బెజవాడ తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. బస్సులో తిప్పి తిప్పి, ఇక మనిషి నిలబడలేని స్థితికి వచ్చాక, లోను పెట్టి కారు కొందామనుకుంది. డ్రైవింగ్ నేర్చుకుంది. నేనే ఆమెని మాస్టారి దగ్గరికి తీసుకొచ్చాను.

"రంగు ఏదైనా పర్లేదు మాస్టారూ. ఆగని బండి చెప్పండి" అంది.

మన కంపెనీ అప్పుడే ఒక కొత్త మోడల్ వదిలింది. మాస్టారు దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, తలుపు వేసి తీసి, "ఆగదమ్మా. పూచీ నాది" అన్నారు. బండి వచ్చాక నేను చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

ఆ బండి ఎండాకాలం దాకా బాగానే తిరిగింది. తర్వాత ఎండలో కాసేపు నడిచేసరికి ముందు ఏదో ఎర్ర లైటు వెలగటం, ఇంజను నీరసపడటం, నడిరోడ్డు మీద ఆగిపోవటం మొదలైంది. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. సర్వీసుకి తీసుకెళితే కంప్యూటరు తగిలించి చూసి, "ఏం లేదండీ, బాగుంది" అనేవాళ్ళు. మీలో కొందరికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. జబ్బు ఇంట్లో చేస్తుంది, డాక్టరు ముందు నవ్వుతుంది. మాస్టారు ప్రతిసారీ తాడు వేసుకుని వెళ్ళారు. ఒకసారి షోరూములో ఆయన వెనక నేనున్నాను. కేకలు వేస్తారనుకున్నాను, నేనైతే వేసేవాణ్ణి. ఆయన మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నారు. "మీరు అమ్మింది బండి. నేనిచ్చింది మాట. బండి బాగుచేయటం మీకు చేతకాకపోతే చెప్పండి, మాట సంగతి నేను చూసుకుంటా." ఆ కుర్రాడు టీ తెప్పించాడు. టీ తాగి వచ్చేశాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం కంకిపాడు దాటాక ఆ బండి మళ్ళీ ఆగింది. మేం వెళ్ళేసరికి సిస్టరు రోడ్డు పక్కన చీరచెంగు భర్త తలమీద నీడగా పట్టి నిలబడింది. ఆయన వెనక సీట్లో తలుపు తీసుకుని, నోటితో గాలి లాక్కుంటున్నాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టటం లేదు. ఇద్దరం కలిసి ఆయన్ని పాత బండిలోకి మార్చాం. అప్పుడు ఆమె, కోపంగా కాదు, నీరసంగా, "మాస్టారూ, మీరు చెప్పారనే కొన్నానండీ" అంది.

ఆయన తలుపు వేసి బండి తీశారు. దారిలో మన కంపెనీ బండ్లు ఎన్నో ఎదురయ్యాయి. హారన్ మీద వేలు పడలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా నోరు మూతపడటం ఎంత అరుదో మీకు తెలుసు.

సిస్టరు భర్తని డయాలసిస్ మిషను మీదికి ఎక్కించారు. వేళకే అందాడన్నారు. సాయంత్రం మాస్టారూ నేనూ వెనక్కి వెళ్ళి ఆగిన బండికి తాడు కట్టి లాక్కొచ్చాం. వర్క్‌షాపులో ఒక బ్రోకరు చూసి, "ఎండ తగ్గాక పార్టీకి చూపించి అమ్మేద్దాం మాస్టారూ, చల్లగా ఉంటే పెళ్ళికూతురిలా నడుస్తది" అన్నాడు. మాస్టారు వాణ్ణి ఎగాదిగా చూసి, "ఇంకొకళ్ళ మొగుడు ఎండలో చావాలా?" అన్నారు.

తర్వాత ఆసుపత్రి గేటు దగ్గర ఆమెని పిలిచి, తన బండి తాళం ఆమె చేతిలో పెట్టారు.

"నీది ఇటివ్వమ్మా. మార్చుకుందాం."

"అయ్యో, ఇంత పాతదాన్ని..." అని ఆమె నాలిక్కరుచుకుంది.

"పాతదే. ఆగదు. ఈసారి నేను చెబుతోంది ఇరవై ఏళ్ళు చూసి."

"మరి మీకండీ?"

"నాకెక్కడికి తొందర? ఆగితే దిగి కూర్చుంటా."

ఆంజనేయస్వామిని తీసుకోవటం కూడా మరిచిపోయారు. ఆమె మర్నాడు ఫోన్ చేసి, పంపించమంటారా అని అడిగిందట. "ఉండనివ్వమ్మా, ఆయన నీ సంగతి పట్టించుకోరు, నువ్వు ఆయన సంగతి పట్టించుకోకు" అన్నారట. ఇంట్లో అమ్మగారు మాత్రం ఊరుకోలేదు. పెళ్ళానికి ఒక్క ముక్క చెప్పకుండా గుర్రాన్నిచ్చి గాడిదని తోలుకొచ్చారని వీధంతా వినపడేలా అన్నారు. గాడిద అనగానే నాకు బైబిల్లో మనిషిలా మాట్లాడిన బిలాము గాడిద గుర్తొచ్చి చెప్పబోయాను. "ఇప్పుడు కాదు బ్రదర్‌గారూ" అన్నారు మాస్టారు.

యెరికో దారిలో దొంగల చేత కొట్టబడి పడి ఉన్న మనిషి కథ మీలో ఎరగనివాళ్ళు లేరు. దాన్ని నేను ఎన్ని ఊళ్ళలో ప్రసంగించానో నాకే తెలియదు. పక్కగా తప్పుకుపోయిన యాజకుణ్ణి ఉతికి ఆరేశాను. పరాయివాడైనా ఆగిన సమరయుడు గాయాల మీద పోసిన నూనె గురించి, ద్రాక్షారసం గురించి గంటలు చెప్పాను. అతను ఆ మనిషిని తన సొంత వాహనం మీద ఎక్కించాడని అందులోనే ఉంది. ఆ మాట మీద నేనెప్పుడూ ఆగలేదు. ఒక్క జంతువు, ఇద్దరు మనుషులు. వాణ్ణి ఎక్కించాక తానెలా వెళ్ళాడు? నడిచాడు. ఆ నడకని నేను మాస్టారిలో చూశాను.

తర్వాత ఆయన ఆ ఎర్ర లైటు బండినే నడిపారు, చివరిదాకా. బ్యారేజీ మీద ఆగేది, బెంజి సర్కిల్లో ఆగేది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు. ఆయన దిగి, బానెట్ ఎత్తి, ఫుట్‌పాత్ మీద పేపరు పరుచుకుని కూర్చునేవారు. పక్కన నేనుండేవాణ్ణి. శుక్రవారం కూడికలకి ఆలస్యంగా చేరేవాళ్ళం. పామర్రులో జనం అప్పటికే రెండు పాటలు ఎక్కువ పాడి ఉండేవాళ్ళు.

ఈ రోజుల్లో జనం బండి మార్చినంత తేలిగ్గా సంఘం మారుస్తున్నారు. పక్క వీధిలో స్పీకరు పెద్దదైతే చాలు, అటు పోతున్నారు. అలాంటివాళ్ళ మీద నేను ఇప్పటికీ మండిపడతాను. అందుకే మాస్టారి విధేయత నాకు నచ్చేది, దాన్ని రథాల మీద పెట్టారని తిట్టినా సరే. కానీ ఒకరోజు ఎవరో కొత్త అల్లుడికి బండి కొనాలని వచ్చి అడిగితే, "మీ ఊరికి ఎవరి సర్వీసు దగ్గరో వాళ్ళది కొనండి" అన్నారాయన. "మరి మన కంపెనీ?" అని నేనే అడిగాను. "ఆ కంపెనీకి మీ ఊళ్ళో సర్వీసు లేదు కదా" అని వాళ్ళతో అన్నారు. "మన" పోయి "ఆ" వచ్చింది. ఇచ్చిన మాట వల్ల నష్టమొచ్చినా తానే మోసి, మాట తప్పనివాడే పరిశుద్ధ పర్వతం మీద నిలుస్తాడని కీర్తనలో ఉంది. మన విశ్వాసి కాని మాస్టారు ఎక్కడ నిలబడతారని కొందరు నన్ను అడిగారు. తీర్పు నా చేతిలో లేదు, నాలాంటివాడి చేతిలో లేకపోవటమే మంచిది.

దహనం రోజు సిస్టరు, ఆమె భర్త పాత బండిలో వచ్చారు. ఆయనకి అది డయాలసిస్ రోజు. చూసి వెళ్ళిపోదామని వచ్చారు, కానీ శవాన్ని చూడటానికి వచ్చినవాళ్ళు పాడె లేచేదాకా కదలకూడదని పెద్దవాళ్ళు అన్నారు. మాస్టారి పెద్దకొడుకు బస్సు దిగలేదు, ఇంకా ఆలస్యమయ్యేలా ఉంది. ఆమె గోడకి ఆనుకుని గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోంది. భర్త ముఖం ఉబ్బింది. శవం దగ్గర కూర్చున్న అమ్మగారు తల ఎత్తి ఆమెనే చూశారు.

"ఏందమ్మా నిలబడ్డావు? ఆయన్ని తీసుకెళ్ళు."

"పాడె లేవకుండా ఎలాగండీ..."

"ఆయన బండిచ్చింది ఇక్కడ నిలబెట్టటానికా? వెళ్ళు."

బండి సందు లోపల ఉంది, సందు మొగలో శవాన్ని తీసుకెళ్ళే వ్యాను, బంతిపూలు కట్టి, అడ్డంగా నిలిచి ఉంది. డ్రైవరు అర్థం చేసుకుని దాన్ని మెల్లగా వెనక్కి తీశాడు. డప్పులవాళ్ళు గోడకి నక్కి దారి ఇచ్చారు. సిస్టరు తాళం తిప్పింది. మొదటి తిప్పులోనే అందుకుంది. వెనక సీట్లోంచి ఆమె భర్త చెయ్యి కిటికీ బయటికి వచ్చింది, సూదులు గుచ్చి గుచ్చి నరాలు పైకి తేలిన చెయ్యి. సందు దాటి ఆసుపత్రి వైపు తిరిగేదాకా ఆ అరచెయ్యి మీగడరంగు తలుపు మీద ఆనే ఉంది, పొలం నుంచి నడిపించుకొచ్చే ఎద్దు వీపు మీద రైతు చెయ్యి వేసినట్టు.